చేతిలో నిజం గన్, కాళ్ళలో పరుగు: షూటింగ్ మ్యాచ్‌లో ఆర్వో ఏం చూస్తాడు?

పోయిన ఎపిసోడ్‌లో ప్రాక్టికల్ షూటింగ్ అనే ఆట గురించి చెప్పాను కదా. దాని కింద ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, నిజం గన్, నిజం బుల్లెట్లు పట్టుకుని మనుషులు పరిగెడుతుంటే ఎవరికీ ఏమీ కాకుండా ఎలా చూస్తారు?" మంచి ప్రశ్న. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దానికి జవాబే.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నా. నేను డాలస్ దగ్గర ఉంటాను. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో రెండు వీకెండ్లు మ్యాచ్. అక్కడ షూట్ చేయడంతో పాటు రేంజ్ ఆఫీసర్‌గా కూడా చేస్తాను. పొట్టిగా ఆర్వో అంటారు. మన ఇళ్ళల్లో ఆర్వో అంటే వాటర్ ఫిల్టర్ గుర్తొస్తుంది, ఇది ఆ ఆర్వో కాదు. కాకపోతే పని కొంచెం అలాంటిదే. ఆట జరగనివ్వాలి, ప్రమాదాన్ని మాత్రం వడగట్టాలి.

ముందు ఆట గురించి రెండు ముక్కలు

మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. మన ఈషా సింగ్ ఆడేది పిస్టల్. ఈ ఆటల్లో షూటర్ తన చోట తను నిలబడి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క టార్గెట్‌ని కాలుస్తారు. గన్ ఎప్పుడూ ఒకే వైపు చూస్తుంది.

ప్రాక్టికల్ షూటింగ్‌లో కథ వేరు. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియా అనే ఊళ్ళో కొంతమంది కలిసి ఇప్సిక్ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టారు. జెఫ్ కూపర్ దానికి మొదటి అధ్యక్షుడు. ఖచ్చితత్వం, శక్తి, వేగం, ఈ మూడింటి సమతూకమే ఆట అని వాళ్ళ నినాదం. అమెరికాలో ఈ ఆట నడిపే యూఎస్‌పీఎస్‌ఏ 1984లో మొదలైంది. నేను పనిచేసేది దాని రూల్స్ కిందే.

మైదానం ఎలా ఉంటుందంటే, మూడు వైపులా ఎత్తైన మట్టికట్టలు, ఒక వైపు ఖాళీ. లోపల అట్ట టార్గెట్లు, ఇనుప ప్లేట్లు, చెక్క ఫ్రేములతో కట్టిన గోడలు, కిటికీలు, తలుపులు. దీన్ని స్టేజ్ అంటారు. పెద్ద స్టేజ్‌లో 32 రౌండ్ల దాకా కాల్చాల్సి రావచ్చు. షూటర్ బీప్ వినగానే గన్ తీసి, పరిగెత్తుతూ, మధ్యలో మ్యాగజైన్ మార్చుకుంటూ అన్నీ కాల్చి ఆగాలి. వచ్చిన పాయింట్లని పట్టిన టైమ్‌తో భాగిస్తే స్కోరు. అంటే ఆటే చెప్తోంది, తొందరపడు అని. ఆ తొందరలో ఉన్న మనిషికి చెయ్యి చాపితే అందే దూరంలో ఒకడు టైమర్ పట్టుకుని వెంట నడుస్తుంటాడు. వాడే ఆర్వో.

షాట్ చూడకు, గన్ చూడు

ఆర్వో పనిని క్రికెట్ అంపైర్‌తో పోల్చి చెప్తే సులువుగా అర్థమవుతుంది. బౌలర్ పరిగెత్తుకొస్తున్నప్పుడు స్టేడియం అంతా బ్యాట్స్‌మన్‌ని చూస్తుంది. అంపైర్ మాత్రం బౌలర్ ముందు కాలు గీత దాటిందా అని చూస్తాడు. అందరూ చూసేది చూస్తే తన పని అవ్వదు.

ఇక్కడా అంతే. స్క్వాడ్‌లో పది మంది వెనక నిలబడి ఉంటారు. వాళ్ళందరి కళ్ళూ టార్గెట్ల మీదే. "అబ్బా, భలే కొట్టాడు" అనుకుంటుంటారు. ఆర్వో చూడాల్సినవి రెండే, గన్ మూతి ఎటు చూస్తోంది, వేలు ఎక్కడుంది. టార్గెట్‌కి తగిలిందా లేదా అన్నది తర్వాత నడుచుకుంటూ వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. చిల్లు ఎక్కడికీ పారిపోదు.

మూతి సంగతి ముందు చెప్తా. దీన్ని 180 రూల్ అంటారు. షూటర్ నిలబడిన చోట, ఎదురుగా ఉన్న మట్టికట్టకి సమాంతరంగా అటూ ఇటూ ఒక గీత గీశామనుకోండి. గన్ మూతి ఎప్పుడూ ఆ గీతకి ముందు వైపే ఉండాలి. గీత దాటి వెనక్కి తిరిగిందంటే మ్యాచ్ నుంచి ఔట్. బుల్లెట్ పేలక్కర్లేదు, మూతి తిరిగితే చాలు. ఎందుకంటే వెనక మనుషులున్నారు.

ఇది ఎప్పుడు తప్పుతుందో తెలిస్తే ముందే కాచుకోవచ్చు. కుడిచేతి వాటం మనిషి ఎడమ వైపు పరిగెడుతూ మ్యాగజైన్ మారుస్తున్నాడనుకోండి. ఒళ్ళంతా ఎడమకి తిరిగి ఉంటుంది. మ్యాగజైన్ పెట్టడానికి గన్‌ని ఇంకాస్త ఎడమకి వంచుతాడు. అంటే మూతి గీత దగ్గరికి వచ్చేసినట్టే. ఎడమచేతి వాటం వాళ్ళకి కుడి వైపు పరుగులో ఇదే ప్రమాదం. అందుకే స్టేజ్ మొదలవ్వకముందే నేను ఒకసారి మొత్తం నడుస్తాను. ఇక్కడ రీలోడ్ చేస్తారు, ఇక్కడ వెనక్కి అడుగేస్తారు, ఇక్కడ తలుపు తెరుస్తారు అని గుర్తుపెట్టుకుంటాను. పరీక్షకి ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్స్‌కి టిక్ పెట్టుకుంటాం చూడండి, అలాగ.

ఇక వేలు. కాలుస్తున్నప్పుడు తప్ప వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉండాలి. నడుస్తున్నప్పుడు, రీలోడ్ చేస్తున్నప్పుడు, గన్ ఇరుక్కుంటే సరిచేస్తున్నప్పుడు, ఈ మూడు సందర్భాల్లోనూ బయటే. పరిగెత్తే మనిషి కాలు జారితే చెయ్యి దానంతటదే బిగుసుకుంటుంది. ఆ పిడికిట్లో ట్రిగ్గర్ ఉండకూడదు, అంతే లాజిక్.

షూటర్ ఆడుతున్నప్పుడు అతనికి ఎవరూ సాయం చేయకూడదు. "అన్నా, ఎడమవైపు టార్గెట్ మర్చిపోయావ్" అనకూడదు. కానీ ఆర్వోకి ఒక అనుమతి ఉంది. సేఫ్టీ హెచ్చరిక ఎప్పుడైనా ఇవ్వొచ్చు. మూతి గీత వైపు పోతుంటే "మజిల్!" అని, వేలు లోపలికి జారుతుంటే "ఫింగర్!" అని అరుస్తాం. ఒక్క మాటే. వాక్యం మొత్తం చెప్పేంత టైమ్ ఉండదు. ఇంకా దాటితే "స్టాప్!" ఆ మాట వినగానే షూటర్ ఎక్కడివాడక్కడ ఆగిపోవాలి.

"మేక్ రెడీ" అనే ముందు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రమాదం అంటే అందరూ బీప్ తర్వాత జరిగే హడావుడినే ఊహించుకుంటారు. నా అనుభవంలో ఆర్వో ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది రెండు ప్రశాంతమైన క్షణాల్లో. ఒకటి బీప్‌కి ముందు, రెండోది చివరి షాట్ తర్వాత.

మొదటిది చూద్దాం. ఒక షూటర్ పూర్తి చేశాక స్కోరు రాస్తాం. స్క్వాడ్‌లో మిగతావాళ్ళు ముందుకెళ్ళి టార్గెట్లకి పడ్డ చిల్లుల మీద స్టిక్కర్లు అతికిస్తారు, పడిపోయిన ఇనుప ప్లేట్లు నిలబెడతారు. తర్వాత అందరూ వెనక్కి వచ్చేస్తారు. తరువాతి షూటర్ వచ్చి నిలబడతాడు. అప్పుడు ఆర్వో "మేక్ రెడీ" అంటాడు. అంటే, ఇక గన్ తీసి లోడ్ చేసుకో అని. ఆ మాటతో రేంజ్ పూర్తిగా మారిపోతుంది. అప్పటిదాకా ఎవరి గన్‌లోనూ బుల్లెట్ లేదు. ఇప్పుడు ఒకరి చేతిలో ఉంది.

మరి వెనక్కి వచ్చేశారని ఎవరు చెప్పారు? అందరూ వచ్చేశారు "అనుకుంటాం". అదే ఇబ్బంది.

ఒక మ్యాచ్‌లో లోపల గోడలు ఎక్కువున్న స్టేజ్ వచ్చింది. షూటర్ నిలబడ్డాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, చెవులకి మఫ్స్ పెట్టుకున్నాడు, నా వైపు చూసి తల ఊపాడు. వెనక స్క్వాడ్ కబుర్లలో ఉంది. బయట నుంచి చూస్తే అంతా ఖాళీ. నాకు ఒక అలవాటుంది, "మేక్ రెడీ" అనకముందు నడుచుకుంటూ చివరి గోడ దాకా వెళ్ళి వస్తాను, అది ఎన్నో షూటర్ అయినా సరే. ఆ రోజూ వెళ్ళాను. మూల గోడ వెనక ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, కింద టార్గెట్‌కి స్టిక్కర్ అతికిస్తున్నాడు. చెవులకి మఫ్స్ ఉన్నాయి, మేము పిలిచింది వినపడలేదు. నన్ను చూసి నవ్వి, "ఒక్క నిమిషం, అయిపోవచ్చింది" అన్నాడు. ఆయన ముందున్నది అట్ట టార్గెట్, పక్కన పల్చటి గోడ. వాటికి బుల్లెట్ ఒక లెక్క కాదు.

ఏమీ జరగలేదు. వెనక్కి నడిచి వచ్చేశాం, మ్యాచ్ కొనసాగింది. స్క్వాడ్‌లో సగం మందికి ఆ సంగతే తెలియదు. ఆర్వో పనిలో విచిత్రం ఇదే. బాగా చేసిన రోజు చెప్పుకోడానికి ఏమీ ఉండదు.

"మేక్ రెడీ" తర్వాత ఇక కళ్ళు గన్ మీదే. ఎవరో పిలిచారని తల తిప్పకూడదు. తర్వాత "ఆర్ యూ రెడీ?" అని అడుగుతాం. ఆ తర్వాత "స్టాండ్ బై". అక్కడి నుంచి ఒకటి నుంచి నాలుగు సెకన్ల లోపు బీప్ వస్తుంది. ఎప్పుడొస్తుందో షూటర్ ముందే పసిగట్టకూడదని ఆ తేడా.

తుస్సుమన్న టపాకాయ సూత్రం

దీపావళికి మన ఇళ్ళల్లో ఒక మాట అందరం వినే ఉంటాం. "తుస్సుమన్న బాంబు దగ్గరికి వెళ్ళకురా!" పేలిన దానికంటే పేలీపేలని దానితోనే భయం ఎక్కువ. రేంజ్‌లో కూడా ఇలాంటిది ఉంది. దాన్ని స్క్విబ్ అంటారు. తూటాలో మందు తక్కువ పడ్డా, అసలు పడకపోయినా, బుల్లెట్ బయటికి రాకుండా బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. ఖర్చు తగ్గుతుందని ఈ ఆటలో చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు, కాబట్టి ఇది అప్పుడప్పుడూ తగిలే విషయమే.

షూటర్ స్పీడ్‌లో ఉంటాడు. ఒకటి సరిగ్గా పేలలేదు అనిపించగానే చెయ్యి అలవాటుగా స్లైడ్ లాగి ఇంకోటి ఎక్కిస్తుంది. ముందు బుల్లెట్ బ్యారెల్‌లో అడ్డంగా ఉండగా వెనక నుంచి ఇంకోటి పేలితే బ్యారెల్ ఉబ్బిపోవచ్చు, చీలిపోవచ్చు. అది పట్టుకున్నది మనిషి చేతులు. దాన్ని ఆపగలిగేది ఆర్వో చెవి. "ఢాం, ఢాం, ఢాం" మధ్యలో ఒక్క "టప్" వినపడితే వెంటనే "స్టాప్!"

మరి అది స్క్విబ్ కాకపోతే? పాపం అతని రన్ పాడుచేశామే అన్న మొహమాటం రాదా? రూల్ రాసినవాళ్ళు దీన్ని ముందే ఆలోచించారు. ఆర్వో అనుమానంతో ఆపాక చూస్తే బ్యారెల్ ఖాళీగా ఉంటే, షూటర్ మళ్ళీ మొదటి నుంచి ఆడతాడు. నిజంగానే ఇరుక్కుని ఉంటే అప్పటిదాకా కాల్చినదానికే స్కోరు. అంటే అనవసరంగా ఆపితే పోయేది రెండు నిమిషాలు. ఆపాల్సిన చోట ఆపకపోతే పోయేది వేళ్ళు, కళ్ళు. ఇంత తేడా ఉన్న చోట ఆలోచించడానికి ఏముంది? అనుమానం వస్తే ఆపెయ్యడమే.

ఆట అయిపోయింది అనుకునే క్షణం

ఇక రెండో ప్రశాంతమైన క్షణం. చివరి టార్గెట్ కొట్టేశాడు. ఊపిరి వదిలాడు. వెనక నుంచి చప్పట్లు. షూటర్ మనసు అప్పుడే స్కోరు మీదకి వెళ్ళిపోయింది. కానీ చేతిలో గన్ ఇంకా లోడై ఉంది. నన్నడిగితే మొత్తం రన్‌లో ఇదే ఎక్కువ జాగ్రత్త కావాల్సిన చోటు.

ఆర్వో అనే మాట, "ఇఫ్ యూ ఆర్ ఫినిష్డ్, అన్‌లోడ్ అండ్ షో క్లియర్". అయిపోతే ఖాళీ చేసి చూపించు అని. షూటర్ మ్యాగజైన్ తీస్తాడు, ఛాంబర్‌లో మిగిలిన తూటా బయటికి లాగేస్తాడు, స్లైడ్ వెనక్కి పట్టుకుని చూపిస్తాడు. ఈ వరుస ముఖ్యం. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే ఒక తూటా బయటికి వచ్చి ఇంకోటి లోపలికి వెళ్ళిపోతుంది. షూటర్ ఖాళీ అనుకుంటాడు, గన్‌కి మాత్రం కడుపు నిండుగానే ఉంటుంది.

ఆర్వో వంగి ఛాంబర్‌లోకి నిజంగా చూడాలి. చూసినట్టు తల ఊపడం కాదు. బంగారంలాంటి అనుభవం ఉన్న ఛాంపియన్ అయినా చూడాలి. తర్వాతే "ఇఫ్ క్లియర్, హ్యామర్ డౌన్, హోల్‌స్టర్". షూటర్ గన్‌ని మట్టికట్ట వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కుతాడు. క్లిక్ అనాలి. ఢాం అంటే మ్యాచ్ నుంచి ఔట్. గన్ హోల్‌స్టర్‌లోకి వెళ్ళి కూర్చున్నాకే "రేంజ్ ఈజ్ క్లియర్". ఆ మాట రాకుండా ఒక్క అడుగు కూడా ఎవరూ ముందుకు వేయకూడదు.

మ్యాచ్ మొత్తం నడిచే పద్ధతి కూడా ఇదే ఆలోచన మీద నిలబడింది. గన్ సర్దుకోవడానికి సేఫ్ ఏరియా అని ఒక టేబుల్ ఉంటుంది. అక్కడ గన్ ముట్టుకోవచ్చు, తూటా ముట్టుకోకూడదు, డమ్మీ తూటా కూడా. మిగతా చోట్ల మ్యాగజైన్లు నింపుకోవచ్చు, గన్ బయటికి తీయకూడదు. గన్, తూటా రెండూ ఒక చేతికి కలిసేది ఆర్వో కళ్ళ ముందు మాత్రమే. పొరపాటున గన్ కింద పడితే షూటర్ దాన్ని తీయకూడదు, ఆర్వోనే తీస్తాడు. పడుతున్న గన్‌ని గాల్లో పట్టుకోబోతే వేలు నేరుగా ట్రిగ్గర్ మీదే పడొచ్చు. ఫోన్ జారితే మన చెయ్యి ఎలా ఎగబడుతుందో మీకు తెలుసు కదా. ఇక్కడ ఆ అలవాటు చంపుకోవాలి.

మనసు ఎందుకు జారుతుంది?

ఇవన్నీ వింటే "రూల్స్ తెలిస్తే సరిపోతుంది కదా" అనిపిస్తుంది. రూల్స్ తెలియడం సగమే. ఒక్క లెక్క చూడండి. స్క్వాడ్‌లో 10 మంది, రోజుకి 6 స్టేజ్‌లు. మొత్తం 60 రన్‌లు. 60 సార్లు అవే మాటలు, అవే చూపులు. 59 సార్లు ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మన మెదడుకి మత్తుమందు.

దీని మీద పాత పరిశోధన ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ముందు గంటల తరబడి కూర్చునేవాళ్ళు స్క్రీన్ మీద చుక్కలు మిస్ అవుతున్నారని బ్రిటన్‌లో నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త దాన్ని పరీక్షించాడు. గడియారం లాంటి దాంట్లో ముల్లు ఒక్కో అడుగు కదులుతుంటుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. అది కనిపెట్టాలి, రెండు గంటల పాటు. 1948లో అచ్చయిన ఆ ఫలితం ఏంటంటే, మొదటి అరగంటకే జనం మిస్ అవ్వడం మొదలైంది. వాళ్ళు బద్ధకస్తులు కాదు. ఎదురుచూసేది చాలా అరుదుగా వస్తే మెదడు దానంతటదే సడలిపోతుంది.

ఇంకో ప్రయోగం మీలో చాలామంది యూట్యూబ్‌లో చూసే ఉంటారు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు చేశారు. వీడియోలో కొంతమంది బాల్ విసురుకుంటుంటారు, పాస్‌లు లెక్కపెట్టమంటారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడుచుకుంటూ వెళ్తాడు. చూసినవాళ్ళలో దాదాపు సగం మందికి గొరిల్లా కనపడలేదు. ఒకదాని మీద గట్టిగా దృష్టి పెడితే మిగతాది కళ్ళముందున్నా కనపడదు.

దీన్ని బట్టి ఆర్వోకి రెండు సంగతులు తెలియాలి. ఒకటి, "నేను జాగ్రత్తగా ఉంటాలే" అన్న నమ్మకం మీద ఆధారపడకూడదు. రెండు, గన్ చూసేవాడికి పక్కన జరిగేది కనపడదు, కాబట్టి ఇంకో మనిషి కావాలి. స్కోరు ట్యాబ్ పట్టుకున్న రెండో ఆర్వో గీతలు తొక్కడం, పక్క నుంచి ఎవరైనా లోపలికి రావడం, కట్ట మీద ఏదైనా కదలడం ఇవన్నీ చూస్తాడు.

నేను పాటించేవి చెప్తా. ప్రతిసారీ ఒకే వరుస, ఒకే మాటలు. ఒక్క మాట కూడా మింగను. లోపలికి నడిచి చూసి వచ్చాక, ఖాళీ అని పైకి అంటాను. జపాన్ రైల్వేలో సిగ్నల్ కనపడగానే డ్రైవర్ వేలు పెట్టి చూపించి నోటితో చెప్తాడు, తెలుసా? వెర్రిగా కనిపిస్తుంది, కానీ నోరు, చెయ్యి, కన్ను మూడూ కలిస్తే మనసు తప్పించుకోలేదు. రాత్రి పడుకునేముందు గ్యాస్ నాబ్ చేత్తో తిప్పి చూసే అమ్మలు కూడా చేసేది ఇదే. కట్టేశానని తెలిసినా చేత్తో చూస్తారు.

నాలుగైదుగురు షూటర్లయ్యాక టైమర్ ఇంకొకరికి ఇచ్చేస్తాను. టెక్సాస్ జూలై ఎండ మన రోహిణి కార్తెకి తీసిపోదు, 38 డిగ్రీలు మామూలు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతాను. ఒంట్లో నీళ్ళు తగ్గితే దృష్టి కూడా తగ్గొచ్చు. ఫోన్ సైలెంట్‌లో, జేబులో కూడా కాదు, బ్యాగ్‌లో. రీల్స్ తీసుకునేవాళ్ళని వద్దనను, కానీ స్క్రీన్ చూస్తూ నా వెనకే నడుచుకొచ్చేవాళ్ళని మొదట్లోనే ఆపేస్తాను. షూటర్ వెనక్కి అడుగేస్తే నేను గబుక్కున వెనక్కి జరగాలి. నా వెనక మనిషి ఉంటే ముగ్గురం ఒకరి మీద ఒకరం పడతాం. అందులో ఒకరి చేతిలో లోడైన గన్.

"అన్నా, ఒక్కసారికి వదిలెయ్"

అన్నిటికంటే కష్టమైన పని చూడటం కాదు, చూసింది చెప్పడం.

ఒక మ్యాచ్‌కి మన తెలుగు కుర్రాడు వచ్చాడు. నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. అతనికి అది మూడో మ్యాచో నాలుగోదో. నన్ను చూడగానే "అన్నా, మీరు తెలుగా!" అని తెగ సంబరపడ్డాడు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర నా చేతిలో పెట్టాడు. రెండో స్టేజ్‌లో ఎడమ వైపు పరుగు, మధ్యలో రీలోడ్. "మజిల్!" అన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే మూతి గీత దాటి వెనక్కి తిరిగింది. "స్టాప్!"

అన్‌లోడ్ చేయించాను. గన్ హోల్‌స్టర్‌లో పెట్టాక విషయం చెప్పాను. మొహం వాడిపోయింది. "అన్నా, వేలు బయటే ఉంది. ఎవరికీ ఏం కాలేదు కదా. ఒక్కసారికి వదిలెయ్ అన్నా, మళ్ళీ చేయను" అన్నాడు, తెలుగులోనే, మెల్లగా. అక్కడ ఉన్నవాళ్ళలో ఆ మాట అర్థమైంది నా ఒక్కడికే.

"తమ్ముడూ, వేలు బయట ఉందని నేనూ చూశాను. కానీ ఆ అరక్షణం గన్ చూసింది స్కోరు రాస్తున్న ఆవిడ వైపు. ఆవిడని అడగకుండా నేనెలా వదిలెయ్యను?" అన్నాను. అతను తల తిప్పి ఆవిడ వైపు చూశాడు. ఇంకేం మాట్లాడలేదు. రేంజ్ మాస్టర్ వచ్చి విన్నాడు, డీక్యూ ఖాయం చేశాడు. అంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టు.

నాకూ బాధగానే ఉంది, ఎందుకుండదు? కానీ ఆ మాటకి లొంగి ఒకరిని వదిలేస్తే, తర్వాత నేను ఆపిన ప్రతి మనిషీ "వాడిని వదిలావుగా" అంటాడు, న్యాయంగానే. పైగా అతనికి నేర్పేది ఏంటి? గీత అటూ ఇటూ అయినా పర్లేదు అనా? డీక్యూ అంటే మనిషి చెడ్డవాడని తీర్పు కాదు. ఈ రోజుకి గన్ బ్యాగ్‌లో పెట్టు అని, అంతే. ఆ కుర్రాడు వెళ్ళిపోతాడనుకున్నా. సాయంత్రం దాకా ఉండి స్టిక్కర్లు అతికించాడు. ఇప్పుడు రీలోడ్ చేసేటప్పుడు అతని గన్ ఎప్పుడూ కట్ట వైపే చూస్తుంది.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఇండియాలో గన్ సంగతి 1959 ఆయుధాల చట్టం కిందకి వస్తుంది, లైసెన్స్ లేకుండా కుదరదు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు గన్ కొనడం, దగ్గర ఉంచుకోవడం మీద ఫెడరల్ చట్టంలో నిషేధం ఉంది, కొన్ని మినహాయింపులున్నాయి. ఫ్రెండ్ చెప్పాడని కాకుండా లాయర్‌ని అడిగాకే అడుగు వేయండి. ఒక వీకెండ్ సరదా కోసం వీసా మీదకి తెచ్చుకోవద్దు.

గన్ ముట్టుకోకుండానే ఈ ఆట దగ్గర నుంచి చూడాలంటే, లోకల్ మ్యాచ్‌కి వెళ్ళి స్కోరు రాస్తానని అడగండి. ప్రాక్టిస్కోర్ అనే యాప్‌లో, ట్యాబ్‌లో నొక్కడమే. ఫోన్ వాడటం మీకు కొత్త కాదుగా. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, చూడటానికి వచ్చినవాళ్ళకి కూడా. ఒక పూట ఆర్వో పక్కన నిలబడి, అతను టార్గెట్ల వైపు చూడకుండా ఎటు చూస్తున్నాడో గమనించండి. నేను ఇంతసేపు చెప్పింది పది నిమిషాల్లో అర్థమైపోతుంది.

సరే ఫ్రెండ్స్, ఈ రోజుకి ఇంతే. మీ ఉద్యోగంలో, మీ ఇంట్లో ఇలా "ఏమీ జరగకుండా" చూసుకునే పని ఏదైనా మీ మీద ఉంటే, దాన్ని మర్చిపోకుండా మీరు ఏం చేస్తారో కామెంట్‌లో రాయండి, నాకూ పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో చెవుల గురించి మాట్లాడుకుందాం. గన్ శబ్దం వినికిడిని ఎలా దెబ్బతీస్తుంది, ఏ మఫ్స్ కొనాలి, అది చూద్దాం. అందాకా జాగ్రత్త, ఉంటాను మరి.